మానాల్సిన అలవాటు మనం అనుకున్నది కాకపోవచ్చు

ఆరోగ్యం విషయంలో ఒక లక్ష్యం పెట్టుకుని, అది కొన్నాళ్లకే ఆగిపోయినవారిని ఎక్కడ బెడిసిందని అడిగితే సాధారణంగా రెండు మూడు జవాబులే వస్తాయి. వ్యాయామం కుదరడం లేదంటారు, తిండి అదుపులో ఉండటం లేదంటారు, బద్ధకం వదలడం లేదంటారు. ఈ జవాబులు అబద్ధాలని అనలేము గానీ, వీటిలో ఏదీ అలవాటు కాదు. ఇవన్నీ అలవాట్ల ఫలితాలు. వ్యాయామం చేయకపోవడమంటే ఒక పని జరగకపోవడం, జరగని పనిని మానేయడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఆ పని జరగాల్సిన సమయంలో దాని చోటును ఏది ఆక్రమించిందో, అంతకుముందు ఏం జరిగిందో చూస్తే తప్ప మానాల్సింది ఏమిటో తేలదు. ఉదయం ఆరింటికి నడకకు వెళ్లాలనుకున్న మనిషి వెళ్లలేకపోవడానికి కారణం చాలాసార్లు ముందురోజు రాత్రి పదకొండున్నర దగ్గర, దీపం ఆర్పేసిన తర్వాత కూడా చేతిలో వెలుగుతున్న ఫోను దగ్గర దొరుకుతుంది.

ఈ విషయం మీద చాలాకాలంగా చదువుతూ, చుట్టూ ఉన్నవారిని గమనిస్తూ, నా దినచర్యలో కొన్ని మార్పులు చేసి చూసుకుంటూ వచ్చాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. మనం పోరాడుతున్న అలవాటుకూ, మన లక్ష్యానికి నిజంగా అడ్డుపడుతున్న అలవాటుకూ మధ్య చాలాసార్లు కొన్ని గంటల దూరం ఉంటుంది. సాయంత్రం చిరుతిండితో యుద్ధం చేసేవారు మధ్యాహ్న భోజనం సరిగా చేయని సంగతిని పట్టించుకోరు. ఉదయం లేవలేకపోతున్నందుకు తమను తాము తిట్టుకునేవారు సాయంత్రం తాగిన కాఫీని లెక్కలోకి తీసుకోరు. గొలుసులో చివరి కొక్కెం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్నే పట్టుకుని లాగుతుంటాము, మొదటిది మాత్రం రోజూ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

అలవాటు ఎలా పనిచేస్తుందన్నది తెలిస్తే ఈ మాటకు అర్థం ఇంకా స్పష్టమవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్ తన సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పాల్గొన్నవారు రోజంతా గంటకోసారి తాము ఏం చేస్తున్నారో, ఆ సమయంలో దేని గురించి ఆలోచిస్తున్నారో రాసిపెట్టారు. వారు చేసిన పనుల్లో దాదాపు 43 శాతం పనులు ఇంచుమించు రోజూ, సాధారణంగా ఒకే చోట, ఒకే పరిస్థితిలో జరిగేవని తేలింది. ఆ పనులు చేస్తున్నప్పుడు వారి మనసు ఎక్కువగా మరో విషయం మీద ఉంది. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగానికి ఇందులో పెద్ద పాత్ర ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకలను చిన్న చిక్కుదారిలో నడిపించి ఆ భాగంలోని నాడీకణాలను పరిశీలించింది. ఎలుక దారి నేర్చుకుంటున్న రోజుల్లో ఆ కణాలు దారి పొడవునా చురుగ్గా ఉన్నాయి. దారి బాగా అలవాటైపోయాక ఆ చురుకుదనం మొదట్లోనూ చివరలోనూ మాత్రమే మిగిలింది. అంటే మధ్యలో ఉన్న పనంతా కలిసి ఒకే ముద్దగా మారింది. ఒకసారి మొదలైతే చివరిదాకా నడిచిపోయే ఆ ముద్దను మధ్యలో ఆపడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు. బిస్కెట్ల పొట్లం విప్పి నాలుగోదాని దగ్గర ఆగుదామనుకునేవారు తలపెట్టేది సరిగ్గా ఆ కష్టమైన పనినే.

అలవాటుకు ఇష్టంతో పెద్దగా పని లేదని చూపించిన ప్రయోగం ఒకటి 2011లో వెలువడింది, దాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు విసుగు రాదు. డేవిడ్ నీల్, వెండీ వుడ్ తదితరులు సినిమా హాలుకు వచ్చినవారిలో కొందరికి అప్పుడే చేసిన పాప్‌కార్న్, మిగిలినవారికి వారం క్రితం చేసిన పాప్‌కార్న్ ఇచ్చారు. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు అంతగా లేనివారు మెత్తబడిపోయిన పాప్‌కార్న్‌ను తక్కువగా తిన్నారు, ఇది ఎవరైనా ఊహించగలిగేదే. ఆ అలవాటు బలంగా ఉన్నవారు మాత్రం తాజాదాన్ని ఎంత తిన్నారో పాతదాన్నీ దాదాపు అంతే తిన్నారు, అది బాగాలేదని తామే చెప్పి మరీ తిన్నారు. అటువంటివారినే ఒక సమావేశపు గదిలో కూర్చోబెట్టి పాటల వీడియోలు చూపిస్తూ ఇస్తే అలవాటు బలం కనిపించలేదు, పాతదాన్ని పక్కన పెట్టారు. మరో విడత ప్రయోగంలో హాల్లోనే కూర్చున్నవారిని రోజూ వాడే చేతితో కాకుండా రెండో చేతితో తినమన్నారు. అలవాటు ఉన్నవారు కూడా అప్పుడు మెత్తబడినదాన్ని తక్కువగా తిన్నారు. చేయి మార్చడమంత చిన్న అడ్డంకి చాలు, నాలుక చెబుతున్నది మెదడు వినడానికి. ఇక్కడ ఎవరి పట్టుదలా పెరగలేదు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. మారినదల్లా ఆ పని జరుగుతున్న చోటు, లేదా అది జరిగే తీరు.

సంకల్పబలం గురించి మనకున్న నమ్మకాన్ని కూడా కొంత సడలించుకోవాలి. సంకల్పబలం వాడే కొద్దీ తరిగిపోతుందన్న సిద్ధాంతం 1998 ప్రాంతం నుంచి ఎంతో ప్రచారం పొందింది. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేల మందికి పైగా వ్యక్తులతో ఆ సిద్ధాంతాన్ని పరీక్షించే ఒక ప్రయోగాన్ని ఉమ్మడిగా తిరిగి చేసినప్పుడు దాని ప్రభావం దాదాపు శూన్యంగా కనిపించింది. ఆ చర్చ ఇంకా ముగియలేదు, నేను అందులోకి వెళ్లదలచుకోలేదు. నాకు దానికన్నా ఆసక్తికరంగా తోచినది 2012లో జర్మనీలో జరిగిన మరో అధ్యయనం. పాల్గొన్నవారికి రోజులో అనేకసార్లు సంకేతం పంపి, ఆ క్షణంలో ఏదైనా కోరిక కలుగుతోందా, దాన్ని అణచుకుంటున్నారా అని అడిగారు. నిగ్రహం ఎక్కువని పేరున్నవారు కోరికలతో ఎక్కువగా పోరాడి గెలుస్తుంటారని మనం అనుకుంటాము. కానీ వారు తమ లక్ష్యాలకు అడ్డొచ్చే కోరికలే తక్కువగా ఎదురవుతున్నాయని చెప్పారు. కోరిక పుట్టే సందర్భానికి వారు ముందే దూరంగా ఉంటున్నారన్నమాట. పట్టుదల లేదని బాధపడేవారికి ఇంతకన్నా ఊరటనిచ్చే ఫలితం మరొకటి నాకు కనిపించలేదు.

లక్ష్యాలను దెబ్బతీసే అలవాట్లలో నేను మొదట చూసేది నిద్రనే. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో సూచించాయి. బరువు తగ్గాలనుకునేవారు తిండిని కొలుస్తారు, నడకను లెక్కిస్తారు, నిద్రను మాత్రం మిగిలిన పనులన్నీ అయ్యాక మిగిలే సమయంగా చూస్తారు. 2004లో షికాగోలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులతో జరిగిన చిన్న అధ్యయనంలో, రెండు రాత్రులు పది గంటల చొప్పున పడుకున్నప్పటితో పోలిస్తే నాలుగు గంటల చొప్పున పడుకున్నప్పుడు, కడుపు నిండిందని మెదడుకు తెలిపే లెప్టిన్ అనే హార్మోను 18 శాతం తగ్గిందనీ, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ 28 శాతం పెరిగిందనీ తేలింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నింటిలోనూ హార్మోన్ల మార్పు ఇంత శుభ్రంగా కనిపించలేదు గానీ, నిద్ర తగ్గితే మనుషులు ఎక్కువ తింటారన్న సంగతి మాత్రం పదేపదే రుజువైంది. 2010లో ప్రచురితమైన మరో ప్రయోగంలో అధిక బరువున్న పదిమందికి ఒకే విధమైన తక్కువ కెలొరీల ఆహారం ఇచ్చి, ఒక విడతలో ఎనిమిదిన్నర గంటలు, ఇంకో విడతలో ఐదున్నర గంటలు పడుకునే అవకాశం ఇచ్చారు. ఒక్కో విడత 14 రోజులు. రెండు విడతల్లోనూ బరువు దాదాపు సమానంగానే తగ్గింది. అయితే నిద్ర చాలినప్పుడు సగటున 1.4 కిలోల కొవ్వు కరిగితే, చాలనప్పుడు 0.6 కిలోలే కరిగింది, మిగిలిన తగ్గుదల కండరాల వంటి కొవ్వు కాని భాగం నుంచి వచ్చింది. తూకం యంత్రం ఈ తేడాను చూపించదు. కష్టపడి తిండి తగ్గించుకుని, ఆ కష్టానికి కండరాన్ని మూల్యంగా చెల్లిస్తున్నామని తెలియకుండానే రోజులు గడిచిపోతాయి.

దీనికి ఎదురుదిశలో జరిగిన ప్రయోగం 2022లో వచ్చింది, ఆచరణకు అది మరింత ఉపయోగపడుతుంది. రాత్రికి ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే అధిక బరువున్న 80 మందిని తీసుకుని, వారిలో సగంమందికి నిద్రవేళల గురించి మాత్రమే సలహా ఇచ్చారు, తిండి గురించి ఏమీ చెప్పలేదు. వారి నిద్ర సగటున గంటకు పైగా పెరిగింది, రోజువారీ ఆహారం అడగకుండానే సుమారు 270 కెలొరీల మేర తగ్గింది. ఆహార నియమాలు పెట్టి ఇంత తగ్గింపు సాధించడానికి ఎంత తంటాలు పడాలో ఆ పని చేసినవారికి తెలుసు.

నిద్ర దగ్గర గొలుసు ఆగదు, అక్కడి నుంచి వెనక్కి వెళ్తే కాఫీ, టీలు వస్తాయి. శరీరంలోకి చేరిన కెఫీన్‌లో సగం విసర్జన కావడానికి సగటున ఐదు గంటలు పడుతుంది, కొందరిలో ఇది ఇంకా చాలా ఎక్కువ. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా ఆ రాత్రి నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక ప్రయోగం చూపించింది. అది దాదాపు నాలుగు కప్పుల కాఫీకి సమానమైన మోతాదు కాబట్టి ఒక్క కప్పు తాగేవారు బెంబేలు పడనక్కరలేదు. అయినా క్రమం ఎలా నడుస్తుందో చూడండి. రాత్రి నిద్ర చాలదు, మధ్యాహ్నం కళ్లు మూతలు పడతాయి, సాయంత్రం కాఫీ అవసరమనిపిస్తుంది, ఆ కాఫీ రాత్రి నిద్రను వెనక్కి నెడుతుంది, తెల్లవారాక వ్యాయామం తప్పుతుంది. గానుగెద్దు తిరిగినట్టు మనిషి ఇందులోనే తిరుగుతుంటాడు. ఎక్కడో ఒకచోట ఆపాలి కదా, అన్నింటికన్నా సులువైన చోటు ఏది? నా ఉద్దేశంలో సాయంత్రపు కప్పు. అర్ధరాత్రి ఫోను పక్కన పెట్టడానికి కావలసిన నిగ్రహంతో పోలిస్తే, సాయంత్రం నాలుగు తర్వాత కెఫీన్ లేని పానీయం తాగడం చాలా తేలిక. గొలుసులో బలహీనమైన చోటును వెతుక్కోవడం పిరికితనం కాదు.

తిండి దగ్గరికి వస్తే, అందరూ దృష్టి పెట్టే ప్రశ్న ఏం తింటున్నామన్నది. ఎలా తింటున్నామన్నది దాదాపు ఎవరూ అడగరు, అలవాటు దాగి ఉండేది అక్కడే. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, మరో రెండు వారాలు అతి తక్కువగా ప్రాసెస్ చేసిన ఆహారం ఇచ్చింది. వడ్డించిన భోజనాల్లో కెలొరీలు, చక్కెర, కొవ్వు, పీచు సరిసమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమంది. ప్రాసెస్ చేసిన ఆహారం ఇచ్చినప్పుడు రోజుకు సుమారు 500 కెలొరీలు ఎక్కువగా తిన్నారు, రెండు వారాల్లో సగటున 0.9 కిలోల బరువు పెరిగారు; రెండో ఆహారం మీద అంతే బరువు తగ్గారు. ఆ ప్రయోగంలో నన్ను ఆకర్షించిన వివరం వేరొకటి ఉంది. మెత్తగా, సులువుగా నమలగలిగే ఆ ప్రాసెస్ చేసిన ఆహారాన్ని వారు వేగంగా కూడా తిన్నారు. కడుపు నిండిన సంకేతాలు మెదడును చేరడానికి కొంత సమయం కావాలి, ఆ సమయం ఇవ్వకుండా తినడం ఏ ఆహారంతోనైనా చేయగల పనే. తెర ముందు కూర్చుని తినేవారు దీన్ని రోజూ చేస్తుంటారు. అటువంటివారు ఆహారాన్ని మార్చకముందే తినే చోటును మార్చి చూడాలని నేను అంటాను. తినేటప్పుడు తెర ఉండదన్న ఒక్క నియమం, పోషకాహారం మీద ఎన్నో వ్యాసాలు చదివినదానికన్నా ఎక్కువ పని చేయడం చూశాను.

లెక్కలోకి రాని తిండి కూడా ఒక అలవాటే. వంట చేస్తూ రుచి చూడటం, పిల్లల కంచంలో మిగిలినది వృథా కాకూడదని తినేయడం, పనిచేసే బల్ల మీద ఉన్న డబ్బాలోంచి వెళ్తూ వస్తూ రెండు తీసుకోవడం వంటివి జ్ఞాపకంలో భోజనంగా నమోదు కావు. తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పేవారిని 1992లో న్యూయార్క్ పరిశోధకులు కచ్చితమైన పద్ధతులతో పరీక్షించినప్పుడు, వారు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. వారి జీవక్రియ మామూలుగానే ఉంది. పరీక్షించినవారి సంఖ్య చిన్నదే, అయినా వారు అబద్ధమాడేవారని అనుకోవడానికి వీల్లేదు. మనసు వేరే చోట ఉండగా చేసిన పని గుర్తుండదు, అంతే. తాగేవాటి సంగతి కూడా ఇలాంటిదే. 330 మిల్లీలీటర్ల తీపి శీతల పానీయంలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, రెండు వేల కెలొరీలు తీసుకునే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి రోజుకు 50 గ్రాములు, వీలైతే 25. దాహం తీర్చుకున్నామనుకుంటాము గానీ తిన్నామనుకోము. అందుకే ఏదైనా మానే ప్రయత్నానికి ముందు ఒక వారంపాటు ఏమీ మార్చకుండా, తిన్న ప్రతిదాన్నీ తిన్న వెంటనే, చోటుతో సహా రాసుకోమని చెబుతాను. ఎంత తిన్నామన్నదానికన్నా ఎక్కడ, ఏ పని తర్వాత తిన్నామన్న వివరమే తర్వాత ఎక్కువగా ఉపయోగపడుతుంది.

కదలిక గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని గురించి అందరికీ తెలిసిందే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించిన ప్రకారం పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ గానీ చేయాలి, కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులు ఉండాలి. వ్యాయామం చేసేవారిలో కూడా కనిపించే చెడ్డ అలవాటు ఒకటుంది, అది తమను తాము సన్మానించుకోవడం. అరగంట నడకకు చాలామందిలో ఖర్చయ్యేది నూరు, నూటయాభై కెలొరీలే. కష్టపడ్డాను కదా అని తినే ఒక చిన్న తీపి పదార్థం దాన్ని నిమిషంలో పూడ్చేస్తుంది. ఇంకొకటి మితిమీరిన ఆరంభం. తొలిరోజే ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేస్తే కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య పతాక స్థాయికి చేరుతుంది, సరిగ్గా రెండోసారి వెళ్లాల్సిన రోజున మంచం దిగనివ్వదు. తర్వాతి ప్రయత్నం వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఇలా ఏడాదికి నాలుగైదు ఆరంభాలు చేసేవారిని బద్ధకస్తులనడం అన్యాయం, వారికున్న అలవాటు అతిగా మొదలుపెట్టడం.

ఇక అలవాటు మారడానికి ఎన్ని రోజులు పడుతుందన్న ప్రశ్న. 21 రోజులన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స చేయించుకున్నవారు తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాసిన పరిశీలన నుంచి అది పుట్టింది. చెప్పుకుంటూ పోయే క్రమంలో కనీసం అన్న మాట రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారుతుందని అంచనా వేశారు. నీళ్లు తాగడం వంటి సులువైన పనులు త్వరగా కుదిరాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. అయితే ఈ 66ను కూడా పంచాంగంలో గుర్తు పెట్టుకోవలసిన అవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే వారు పరిశీలించింది కొత్త అలవాటు ఏర్పడటాన్ని, పాతదాన్ని మానడాన్ని కాదు. ఆ రెండూ ఒకటే పని కావు.

పాత అలవాటు చెరిగిపోదు. కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కాలం నుంచి తెలిసిన సంగతే ఇది: గంట మోగితే తిండి వస్తుందని అలవాటు పడి, ఆ తర్వాత గంట మోగినా తిండి రాదని నేర్చుకున్న కుక్కకు, కొంత విరామం తర్వాత గంట వినిపిస్తే మళ్లీ నోరూరుతుంది. పాత నేర్పు అడుగున అలాగే ఉంటుంది, దాని మీద కొత్త నేర్పు ఒకటి పేరుకుంటుంది. సిగరెట్ మానేసి ఏళ్లు గడిచినవారికి పాత స్నేహితుల మధ్య, పాత చోట హఠాత్తుగా కోరిక కలగడంలో వింత లేదు, అది ఓటమి కూడా కాదు. అందుకే ఖాళీగా మానడం కన్నా మార్చి పెట్టుకోవడం మేలు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999 నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది: ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే ఒక వాక్యంగా నిర్ణయించుకోవడం. 2006లో ఇటువంటి 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు దాని ప్రభావం గట్టిగానే కనిపించింది. ఇకమీదట రాత్రిళ్లు చిరుతిండి తినను అన్నది కోరిక మాత్రమే. భోజనమయ్యాక వంటగది దీపం ఆర్పి, పళ్లు తోముకుని, ఆ తర్వాతే హాల్లోకి వస్తాను అన్న వాక్యంలో సమయం ఉంది, చోటు ఉంది, పాత పని స్థానంలో చేయాల్సిన పని ఉంది. నేను నా కోసం రాసుకునే వాక్యాల్లో లేదు, కాదు, చేయను అన్న మాటలు రాకుండా చూసుకుంటాను. అలాంటి మాట వచ్చిందంటే ఆ స్థానంలో ఏం చేయాలో ఇంకా నిర్ణయించుకోలేదని అర్థం.

ఎర చూపి అలవాటు చేసుకోవడం కూడా కొంతవరకు పనిచేస్తుంది. ఆసక్తి రేపే ఆడియో నవలలను వ్యాయామశాలలో మాత్రమే వినే ఏర్పాటు చేసిన ఒక ప్రయోగంలో, 2014లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, మొదట్లో హాజరు 51 శాతం పెరిగింది. సెలవులు వచ్చి వ్యాయామశాల మూతపడ్డాక ఆ పెరుగుదల కరిగిపోయింది. సెలవులు అన్ని నియమాలనూ కరిగిస్తాయి, వాటి తర్వాత మళ్లీ మొదలుపెట్టే రోజును సెలవులకు ముందే రాసి పెట్టుకోవాలి.

తప్పిన రోజు ఎలా ప్రవర్తిస్తామన్నది తప్పడం కన్నా ముఖ్యం. వ్యసనాల నుంచి బయటపడేవారి మీద పనిచేసిన అలన్ మార్లాట్ ఈ స్థితిని వివరంగా చర్చించారు. నియమం ఒక్కసారి తప్పగానే మనిషి దాన్ని తన స్వభావ లోపంగా భావిస్తాడు, ఎలాగూ చెడిపోయింది కాబట్టి ఈ రోజుకు పూర్తిగా వదిలేద్దామనుకుంటాడు, మొదటి తప్పుకన్నా ఆ తర్వాత జరిగేదే ఎక్కువ నష్టం చేస్తుంది. రోజును ప్రమాణంగా పెట్టుకోవడమే దీనికి సగం కారణమని నాకు అనిపిస్తుంది. మధ్యాహ్నం ఎక్కువ తిన్నవారికి రాత్రి భోజనం ఇంకా మిగిలే ఉంది, దాన్ని మామూలుగా తింటే చాలు. పస్తుండి సరిచేయబోతే మర్నాటి ఆకలి మరో తప్పుకు దారి తీస్తుంది.

చోటు మార్చుకుని, వాక్యాలు రాసుకుని మానగలిగేవి కొన్నే అని కూడా చెప్పాలి. నికోటిన్ మానినప్పుడు కలిగే చిరాకు, తహతహ మొదటి కొన్ని రోజుల్లో ఉధృతంగా ఉండి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. మందులు, నికోటిన్ ప్యాచ్‌లు మానగలిగే అవకాశాన్ని పెంచుతాయి కాబట్టి వాటిని వాడటంలో చిన్నతనమేమీ లేదు. సిగరెట్ మానినవారు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, ఫిట్‌నెస్ లక్ష్యం పేరుతో ఆ కారణంగా మానడాన్ని వాయిదా వేయడం మాత్రం ఏ లెక్కన చూసినా నష్టమే. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా మద్యం తాగేవారు హఠాత్తుగా ఆపేస్తే మూర్ఛలు, మతిభ్రమ వంటి ప్రాణాంతక పరిస్థితులు రావచ్చు, వారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. పెద్దగా గురకపెడుతూ, ఎంతసేపు పడుకున్నా పగలంతా కునికిపాట్లు పడేవారికి ఉన్నది నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి పరీక్ష, చికిత్స ఉన్నాయి. అదుపు తప్పి విపరీతంగా తిని ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం పదేపదే జరుగుతుంటే, కఠినమైన ఆహార నియమాలు దాన్ని మరింత పెంచే ప్రమాదం ఉంది కాబట్టి మొదట కలవాల్సింది మానసిక వైద్యులను.

అలవాట్లు చోటుతో ముడిపడి ఉన్నాయంటే, చోటు దానంతటదే మారే సందర్భాలు అరుదైన అవకాశాలని కూడా అర్థం. బాస్ వెర్‌ప్లాంకెన్, డెబొరా రాయ్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పర్యావరణానికి మేలు చేసే అలవాట్ల గురించి ఇచ్చిన సలహాలు మామూలు వారికన్నా కొత్తగా ఇల్లు మారినవారి మీద ఎక్కువగా పనిచేశాయి, అయితే ఆ వెసులుబాటు మూడు నెలల వరకే కనిపించింది. ఆరోగ్యపు అలవాట్లకూ ఇదే వర్తిస్తుందని అనుకోవడం సబబే. ఇల్లు మారడం, ఉద్యోగం మారడం, పిల్లల బడి వేళలు మారడం, ఇవన్నీ పాత సంకేతాలను కొంతకాలం చెదరగొడతాయి. చిక్కేమిటంటే మంచి అలవాట్లు కూడా అదే కుదుపులో పోతాయి, పాత ఇంటి దగ్గర ఏళ్లుగా రోజూ నడిచిన మనిషి కొత్త ఇంట్లో నెలలు గడిచినా గడప దాటకపోవచ్చు. కాబట్టి మార్పు వస్తుందని ముందే తెలిసినప్పుడు, సామాను సర్దుకునే రోజుల్లోనే రెండు నిర్ణయాలు చేసుకోవాలని నేను సన్నిహితులకు చెబుతుంటాను: కొత్త చోట భోజనం చేసే బల్ల ఎక్కడ ఉండాలి, నడకకు ఏ దారిన ఏ వేళ వెళ్లాలి. కొత్త చోటికి చేరిన మర్నాడే, సామాను సగం విప్పకుండా ఉన్నా సరే, ఆ దారిలో ఒకసారి నడిచి రావాలి.